సీప్లేన్ గాలి వైపే తిరిగిపోతుంటే ఏం చెయ్యాలి?

ప్రశ్న: సార్, నేను ఫ్లోట్‌ప్లేన్ (చక్రాల బదులు ఫ్లోట్లు, అంటే నీళ్లమీద తేలే పడవల్లాంటివి ఉన్న సీప్లేన్) ట్రైనింగ్‌లో ఉన్నాను. గాలి కాస్త జోరందుకుంటే చాలు, ఎంత రడ్డర్ (తోక మీది చుక్కాని) పెడల్ తొక్కినా ముక్కు గాలి వైపే తిరిగిపోతోంది. మరి గాలి వాలున, అంటే గాలి వీచిపోయే వైపు ఉన్న ఒడ్డుకి చేరేదెలా? పవర్ పెంచి తిప్పేయొచ్చా?

జవాబు: తొందరపడి పవర్ పెంచకండి. నీళ్లమీద బ్రేకులుండవు, టైర్ల పట్టుండదు, గాలేమో తోకని పట్టుకుని నెట్టేస్తుంది, అందుకే ముక్కు గాలికి ఎదురొచ్చేస్తుంది. గాలి తక్కువున్నప్పుడు వాటర్ రడ్డర్లు (ఫ్లోట్ల వెనక నీళ్లలోకి దిగే చిన్న చుక్కానులు) దించి, స్టిక్ (ముక్కుని పైకీ కిందకీ తిప్పే కర్ర) పూర్తిగా వెనక్కి లాగి, ఐడిల్‌లో (ఇంజిన్ అతి తక్కువ పవర్‌లో) నెమ్మదిగా వెళ్తే మాట వింటుంది, ముక్కు పైకుంటే ప్రొపెల్లర్ మీద తుంపర కూడా తక్కువ పడుతుంది (ఆ తుంపర బ్లేడ్ అంచుల్ని నిజంగానే తినేస్తుంది).

గాలి అంతకంటే ఎక్కువుంటే అసలు తిప్పకండి, వెనక్కే వెళ్లండి. దీన్నే సెయిలింగ్ అంటారు, కొత్తవాళ్లు అన్నిటికంటే ముందు బాగా ప్రాక్టీస్ చెయ్యాల్సింది ఇదే అని నా గట్టి నమ్మకం. ముక్కు గాలికే ఉంచి, ఇంజిన్ ఐడిల్‌లో పెట్టో ఆపేసో, వాటర్ రడ్డర్లు ఎత్తేస్తే గాలే మిమ్మల్ని ఒడ్డుకి తోసుకెళ్తుంది, ఇంకా స్పీడ్ కావాలంటే ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) దించి తలుపులు కూడా తెరిచిపెట్టండి, గాలికి అడ్డం పెరిగి తేడా వెంటనే తెలుస్తుంది. వెనకాల రాళ్లు, పడవలు, తాళ్లు ఉన్నాయేమో మాత్రం మెడ తిప్పి చూసుకుంటూనే ఉండాలి.

పవర్‌తో ముక్కు లేపి గాలి వాలుకి తిప్పే ప్లౌ టర్న్ ఉంది, కానీ ముందేమీ కనపడదు, ఇంజిన్ వేడెక్కిపోతుంది, అది ఇన్‌స్ట్రక్టర్ పక్కనుంటేనే. అసలు ప్రమాదం ఇంకోటి: గాలి వాలుగా స్పీడ్‌లో వెళ్తూ ఒక్కసారిగా గాలికి ఎదురు తిప్పడం. మలుపు వల్ల బయటికి తోసే బలం, పక్కగాలి రెండూ ఒకేవైపు తోస్తాయి, బయటివైపు ఫ్లోట్ మునిగి విమానం బోల్తా పడుతుంది. ముందు పవర్ తీసేసి స్పీడ్ తగ్గనివ్వండి, ఆ తర్వాత అదే గాలికి తిరుగుతుంది.

అలల సంగతికొస్తే, అల ఎత్తు ఫ్లోట్ పొడవులో 20 శాతం దాటితే బాగా అనుభవం ఉన్నవాళ్లు తప్ప టేకాఫ్ ప్రయత్నించకూడదంటారు, అంటే 6 మీటర్ల ఫ్లోట్‌కి 1.2 మీటర్లు. మీరైతే నీళ్లంతా తెల్లనురగ కనపడినరోజే ఆగిపోండి. ఎగిరే ముందు ఫ్లోట్ గదుల్లో చేరిన నీళ్లు పంపుతో తోడెయ్యండి, లైఫ్ జాకెట్ ఒంటిమీదే ఉంచుకోండి, కానీ క్యాబిన్ లోపల మాత్రం గాలి నింపకండి, విమానం తిరగబడితే ఉబ్బిన జాకెట్‌తో తలుపులోంచి బయటపడలేరు.