కువైట్ వెళ్లే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నర్సు ఉద్యోగానికి వీసా వచ్చిందని మీ అమ్మ చెప్పింది. ముప్పై ఆరేళ్ల వయసులో అరబ్బీ ఎక్కడొస్తుందని టెన్షన్ పడుతున్నావట. వస్తుందిలే. కాకపోతే నేను నేర్చుకున్నట్టు మాత్రం నేర్చుకోకు.

కువైట్‌లో 19 ఏళ్లు స్టోర్‌లో పనిచేశానా, మొదటి ఆర్నెల్లకే 'మాఫీ మాలూమ్' (తెలియదు), 'అనా రూహ్' (నేను వెళ్తా) అంటూ పని గడిచిపోయే అరబ్బీ వచ్చేసింది. మన రాజంపేట వాళ్లు, మలయాళీలు, బంగ్లాదేశ్ వాళ్లు అందరిదీ అదే భాష. అరబ్బులు కూడా మనతో అలాగే ముక్కలు ముక్కలుగా మాట్లాడతారు, అందుకే తప్పని తెలియదు. 'నాకు తెలియదు' అనాలంటే వాళ్లలో వాళ్లు 'మా అద్రీ' అనుకుంటారని నాలుగో ఏట తెలిసింది. అప్పటికి నాలుక మొండికేసింది. ఇప్పటికీ 'మాఫీ మాలూమే' వస్తుంది నోటికి.

ఇంకో సంగతి. వార్తల్లో, పుస్తకాల్లో ఉండే అరబ్బీని ఫుస్‌హా అంటారు. ఇళ్లలో మాట్లాడేది వేరు. నీ వార్డులో ముసలావిడ పొట్ట పట్టుకుని 'బత్నీ యఅవ్వర్నీ' అంటుంది, కడుపు నొప్పిగా ఉందని. ఫుస్‌హా ఒక్కటే చదివి వెళ్తే బిక్కమొహం వేస్తావు. చదవడానికి ఫుస్‌హా, మాటలకు కువైట్ యాస, రెండూ ఒకేసారి మొదలుపెట్టు. వాళ్ల నోట 'ప' పలకదు కాబట్టి 'బనడోల్' అంటే పనడాల్ మాత్ర.

అక్షరాలు 28. కుడి నుంచి ఎడమకు రాయాలి. రోజుకు రెండు దిద్దితే పదిహేను రోజుల పని. అసలు చిక్కు, హ్రస్వాలు రాయకపోవడం. ప, ల, క అనే హల్లులు మాత్రమే రాసి వదిలేస్తే అది పలకో పిలకో వాక్యాన్ని బట్టి పోల్చుకోవాలి కదా, అలాగన్నమాట. అందుకే మాటల్ని కుటుంబాలుగా నేర్చుకో. మరద్ అంటే రోగం, మరీద్ రోగి, ముమర్రిదా అంటే నర్సు, అంటే నువ్వే. మూడింట్లోనూ మ, ర, ద ఉన్నాయి చూడు. ఆ 'ద' మన ద కాదు, నోరు నిండా బరువుగా పలకాలి. మన 'హాజరు' కూడా అక్కడి 'హాదిర్' మాటే, అదే అక్షరం. జవాబు, తారీఖు, ఖాళీ, వకీలు కూడా నీకు ముందే వచ్చు.

ఒత్తుల విషయంలో మనవాళ్ల చెవి గట్టిది. 'దరస' అంటే చదివాడు, 'దర్రస' అంటే పాఠం చెప్పాడు. కల, కల్ల తేడా తెలిసినవాళ్లకు అదొక లెక్కా?

అంకెల దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకో. వాళ్ల అయిదు మన సున్నాలా ఉంటుంది, ఆరు మన 7లా ఉంటుంది, సున్నా అంటే ఉత్త చుక్క. చెప్పేటప్పుడు ఒకట్ల స్థానం ముందు: 'అర్బఆ వ ఖమ్సీన్' అంటే నాలుగూ యాభై, 54. ఒకసారి ఫోన్‌లో అది విని 45 పెట్టెలు ఎక్కించి పంపాను. మిగతా తొమ్మిదీ మళ్లీ నేనే మోసుకెళ్లాను, జూలై ఎండలో. నీ చేతిలో ఉండేది పెట్టెలు కాదు, మందులు. అర్థం కాకపోతే రాసి చూపించమని అడుగు, నామోషీ పడకు.

ఆడవాళ్లను 'ఇంతి' అనాలి, మగవాళ్లను 'ఇంతా'. నేను మేడమ్‌ను 'ఇంతా' అని పిలిస్తే పిల్లలు పడి పడి నవ్వారు.

ఆదివారం ఫోన్ చేస్తాను. ఒకటి నుంచి తొంభై తొమ్మిది దాకా అప్పజెప్పాలి. నా తప్పులు పట్టుకోవడానికి మీ అత్త పక్కనే కూర్చుంటానంటోంది.

మామయ్య