అడుగు నున్నగా, అంచు గరుగ్గా

చెక్కపని: ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మమ్మగారి వామనగుంటల పీట చెదలు తినేసింది. అలాంటిదే చేద్దామని ఇంట్లో ఉన్న, కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే చిన్న 3018 సీఎన్‌సీ మిషన్‌తో ముందు ఒక వేస్టు టేకు ముక్క మీద మూడు గుంటలు తవ్వి చూశాను. వెడల్పు 36 మి.మీ., లోతు 12. అడుగు బల్లపరుపుగా ఉండే కోత పనిముట్టు, అదే చదును బిట్‌తో మిల్లీమీటరు చొప్పున దించుతూ తవ్వాక, మొన గుండ్రంగా ఉండే 3.175 మి.మీ. బాల్‌నోస్ బిట్ పెట్టి, స్టెప్‌ఓవర్ (చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం) 0.3తో చుట్లు తిప్పాను. అడుగు నున్నగానే ఉంది. అంచు దగ్గర మాత్రం గ్రామఫోన్ రికార్డు మీద గీతల్లా వలయాలు. స్టెప్‌ఓవర్ 0.15 చేస్తే పోతాయా? మంచి చెక్క మీద మొదలుపెట్టాలంటే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: పోతాయమ్మా. కానీ అలా చెయ్యకండి.

నిచ్చెనని గోడకి చేరవేసి మిట్టమధ్యాహ్నం దాని నీడ చూడండి. మెట్లు ఎడంగా ఉన్నా, నేల మీద వాటి నీడలు దగ్గరదగ్గరగా పడతాయి. మీరు ఇచ్చిన 0.3 ఆ నీడల మధ్య దూరం. మిషన్ పైనుంచి చూసి కొలుస్తుంది. బిట్ తిరిగేది మాత్రం నిచ్చెన మీద.

మీ గుంట 39 మి.మీ. వ్యాసం ఉన్న బంతిలో ఒక ముక్క. అంచు దగ్గర దాని గోడ దాదాపు 67 డిగ్రీలు నిలబడి ఉంటుంది. అక్కడ 0.3 కాస్తా చెక్క మీద 0.78 అవుతుంది. చుట్టుకీ చుట్టుకీ మధ్య మిగిలే గట్టు ఎత్తేమో దూరానికి వర్గంగా పెరుగుతుంది: దూరం రెట్టింపైతే గట్టు నాలుగింతలు. అందుకే అడుగున 6, 7 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉన్న గట్టు అంచు దగ్గరికొచ్చేసరికి 44 మైక్రాన్లు. అది కంటికీ కనిపిస్తుంది, వేలికీ తగులుతుంది.

0.15 చేస్తే గట్టు నాలుగో వంతుకి పడిపోతుంది, నిజమే. టైము చూసుకోండి మరి. నిమిషానికి 600 మి.మీ. నడిపితే ఇప్పుడు గుంటకి ఆరు నిమిషాల లోపే, పద్నాలుగు గుంటలకీ గంటా ఇరవై నిమిషాలు. 0.15 అంటే రెండు గంటల నలభై. ఆ అదనపు టైములో సగం పైన ఇప్పటికే నున్నగా ఉన్న అడుగునే మళ్లీ రుద్దడానికి పోతుంది.

నన్నడిగితే ముందు లోతు తగ్గించండి. 12 బదులు 9 చాలు. అప్పుడు వంపు వ్యాసార్ధం 22.5 మి.మీ. అవుతుంది, అంచు వాలు 53 డిగ్రీలకి దిగుతుంది. అదే బిట్, అదే 0.3, అదే టైము. గట్టు మాత్రం 44 నుంచి 18 మైక్రాన్లకి వస్తుంది. ఆటకీ అదే మంచిది. గుంటలో చింతపిక్కల్ని ఒక్క ఊపులో వేళ్లతో ఊడ్చి తియ్యాలి కదా. గోడ నిటారుగా ఉంటే ఒకటో రెండో గింజలు అడుగునే ఉండిపోతాయి, లెక్క తప్పిందని పోట్లాట మొదలవుతుంది. మా ఇంట్లో అయ్యేది.

అమ్మమ్మగారి పీట గుంటలు అంత లోతుగానే ఉండేవి, అలాగే కావాలంటారా? అయితే గుంటని రెండు భాగాలు చెయ్యండి. వాలు 45 డిగ్రీలు దాటిన చోట చుట్లు ఆపేసి, కాంటూర్ పాత్ (పాత్ అంటే బిట్ నడిచే దారి) పెట్టండి. దాంట్లో బిట్ ఒక మట్టంలో గుండ్రంగా తిరిగి, 0.2 కిందికి దిగి, మళ్లీ తిరుగుతుంది. నిలువుగా కొలుస్తుంది కాబట్టి నిటారు గోడకి అదే సరైన కొలత. రెండు పాత్‌లూ కలిసేచోట ఒకదాని మీదికి ఇంకోటి ఓ మిల్లీమీటరు వచ్చేలా చూసుకోండి, లేకపోతే అక్కడొక గీత పడుతుంది. మీ సాఫ్ట్‌వేర్‌లో స్కాలప్ అనే పాత్ ఉంటే ఈ తంటా లేదు, అది వాలు వెంబడే కొలుస్తుంది.

మీ ఉత్తరంలో ఇంకోటి పట్టుకున్నాను. చదును బిట్‌తో మిల్లీమీటరు చొప్పున దించానన్నారు. అది మెట్లు మెట్లుగా వదిలేస్తుంది. తర్వాత వచ్చిన బాల్‌నోస్‌కి ఒకచోట ఏమీ తగలదు, పక్కనే మిల్లీమీటరు మందం తగులుతుంది. మీ మిషన్ మోటారు చిన్నది, బిట్ సన్నది. బరువు పడ్డచోట వంగుతుంది, లేనిచోట నిటారవుతుంది. ఆ వంగుడు కూడా వలయాలుగా అచ్చు పడుతుంది. అర మిల్లీమీటరు చొప్పున దించండి, చివరి చుట్టుకి అంతటా 0.4 మిగల్చండి.

గుంట నట్టనడుమ చిన్న కమిలిన చుక్క కనబడితే ఖంగారు పడొద్దు. బాల్‌నోస్ ఎంత వేగంగా తిరిగినా దాని మొన మధ్యలో వేగం సున్నా. అక్కడ అది కొయ్యదు, రుద్దుతుంది. చేత్తో తీసెయ్యడమే.

ఈ చేత్తో తియ్యడం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. మా నాన్న వంపు ఉలితో గుంట తవ్వేవాడు. ఎప్పుడూ అంచు నుంచి అడుక్కే, అడుగు నుంచి అంచుకి ఒక్క దెబ్బ కూడా లేదు. పైకి కొడితే నార చీలుతుంది. తర్వాత పగిలిన గాజు పెంకు ఒకటి తీసుకుని, దాని వంపు గుంట వంపుకి సరిపోతుందో లేదో వెలుగుకి అడ్డంపెట్టి చూసి, గీకేవాడు. ఉల్లిపొరలాంటి పొట్టు వచ్చేది. ఐటీఐలో పాతికేళ్లు పాఠం చెప్పినా నాకు ఆ పెంకు ఎంచుకోవడం మాత్రం రాలేదు. మీరు గాజు జోలికి పోకండి. 40 మి.మీ. రబ్బరు బంతికి ఉప్పు కాగితం చుట్టి గుంటలో తిప్పండి: 180, తర్వాత 240, ఆపైన 320. 9 లోతు గుంటలో ఆ బంతి చక్కగా కూర్చుంటుంది. మధ్యలో ఒకసారి తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే లేవాల్సిన నూగు లేస్తుంది. గుంటలో పీట రెండు కొసల వైపు ఉండే గోడల్లో నార కొనలు తెగి ఉంటాయి, నూగంతా అక్కడే. ఆ రెండు వైపులా ఇంకాస్త రుద్దండి.

ఇక 20 మి.మీ. చెక్కలో 9 పోతే కింద 11 ఉంటుంది, భయం లేదు. జెడ్ సున్నా (బిట్ మొన చెక్క పైభాగాన్ని తాకే మట్టం) మాత్రం బిట్ మార్చిన ప్రతిసారీ మళ్లీ పెట్టుకోండి. పెట్టుకోకుండా నేను చేసిన మొదటి పీటకి పదమూడు గుంటలూ ఒక కన్నమూ ఉన్నాయి.

ప్రశ్న: మిషన్‌తోపాటు వచ్చిన పది కోసు (మొన వైపు సన్నబడే) బిట్లతోనే గుంటలు తవ్వేయొచ్చా? బాల్‌నోస్ కొనడం తప్పదా?
– ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: తప్పదు నాయనా. ఆ బిట్లు పేర్లు చెక్కుకోవడానికి. 20 డిగ్రీల కోసు, 0.1 మొన ఉన్నదానితో 0.3 స్టెప్‌ఓవర్ పెట్టి చదునుచోట తిప్పితే, గీతకీ గీతకీ మధ్య అర మిల్లీమీటరు పైన ఎత్తున పళ్లు మిగులుతాయి. గుంట బదులు దువ్వెన వస్తుంది. ఒక్క బాల్‌నోసే కొనగలిగితే, మిషన్‌లో బిట్‌ని పట్టి ఉంచే కొల్లెట్‌లో పట్టేంతలో లావుది కొను. 6 మి.మీ. బిట్ వదిలే గట్టు 3.175 బిట్ వదిలే దానిలో సగమే. మోటారు మూలిగితే వేగం తగ్గించు.