రోజువారీ నిర్ణయాల్లో బైబిలు దృక్పథం ఎలా అలవడుతుంది?

మీరు అడిగింది ఇదీ అనుకుంటున్నా: ఆదివారం వాక్యం వింటున్నారు, సోమవారం దుకాణం తెరిచాక అంతా మామూలే. పైగా కల్వకుర్తిలో దుకాణమే చూసుకోవాలా, హైదరాబాద్‌లో ఉద్యోగానికి పోవాలా అన్న టెన్షన్ ఒకటి. వీటన్నిటికీ బైబిలు ప్రకారం ఆలోచించడం ఎలా? నేను పాస్టరును కాను, దేవరకొండ వైపు పత్తి రైతును. తాతల నాటి నుంచి ఎంబీ (మెన్నోనైట్ బ్రదరెన్) చర్చి కుటుంబం. నాకు తెలిసినంత చెబుతా.

మనం దేవుణ్ని అడిగేది పెద్ద నిర్ణయాలప్పుడే. సంబంధం, ఉద్యోగం, ఇల్లు, బోరు. బైబిలేమో మనం నిర్ణయం అని కూడా అనుకోని వాటి గురించి తెగ మాట్లాడుతుంది. కూలి ఎప్పుడిచ్చావు, తూకం ఎలా వేశావు, హద్దురాయి ఎక్కడ పాతావు, ఎవరి అప్పుకు పూచీ పడ్డావు. దృక్పథం తయారయ్యేది అక్కడే అని నా అభిప్రాయం.

మా చెల్కలో సంగతే చెప్తా. పత్తి ఏరే రోజుల్లో పొద్దు వాలాక వేపకొమ్మకు కాంటా కట్టి మూటలు జోకుతాం. కూలి కిలో లెక్కన. మూట కొక్కేనికి తగిలించగానే ముల్లు ఊగుతుంది. అది నిలబడకముందే అంకె చదివేస్తే అరకిలో అటోఇటో అవుతుంది. ఆ అరకిలో ప్రతిసారీ రైతు వైపే ఎందుకు మొగ్గుతుందో ఆ దేవుడికే తెలియాలి! ‘దొంగత్రాసు యెహోవాకు హేయము’ అని సామెతలు 11:1. ద్వితీయోపదేశకాండం 25లో ఇంకా సూటిగా ఉంటుంది: సంచిలో పెద్దదొకటి చిన్నదొకటి, రెండు రకాల తూకపు రాళ్లు ఉండకూడదు. మార్కెట్లో తేమ పేరు చెప్పి తరుగు తీస్తే మనం గొడవకు దిగుతాం, అదే మనిషి సాయంత్రం కూలీ మూట దగ్గర ఇంకో రాయి తీస్తాడు. మా దగ్గర ఇప్పుడు ముల్లు నిలిచాక ఏరిన ఆవిడే అంకె చదువుతుంది, మా అబ్బాయి నోట్‌బుక్కులో రాస్తాడు.

కూలి ఇచ్చే రోజు గురించి కూడా ఉంది. పత్తి అమ్మాక ఇస్తాం అనడం మా వైపు వాడుక. ద్వితీయోపదేశకాండం 24:15 పొద్దు గూకకముందే ఇవ్వమంటుంది, కారణమూ అక్కడే చెబుతుంది: అతను బీదవాడు, ఆ డబ్బు మీదే ఆశపెట్టుకుని ఉంటాడు. ఆ కారణం చదివాక వాళ్లనే అడగాలనిపించింది. ఇద్దరు ముగ్గురు ఏ రోజుది ఆ రోజే కావాలన్నారు. మిగతా ఆడవాళ్లు, ‘రోజూ ఇస్తే ఇంట్లో మందుకు పోతది, అంగడికి ముందురోజు ఒక్కసారే ఇయ్యి పటేలా’ అన్నారు. అలాగే ఇస్తున్నాం. ఆజ్ఞ ఎవరి మేలు కోసం వచ్చిందో వాళ్లనే అడిగితే సగం చిక్కు విడిపోతుంది.

ఇక వాగ్దానపు కార్డులు, అంటే కొత్త ఏడాదికని తీసుకునే ఒక్కో బైబిలు వచనం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకుంటాం కదా, నేనూ తీసుకుంటా. కానీ ఆ కార్డుతో ఏడాది నిర్ణయాలన్నీ చేయడం నాకు నచ్చదు. యిర్మీయా 29:11 చాలా ఇళ్లలో గోడ మీద ఉంటుంది, మీ మేలు కోసమే నా ఉద్దేశాలు అన్న మాట. అది బబులోనుకు చెరగా పోయినవాళ్లకు రాసిన ఉత్తరం. అదే ఉత్తరంలో ఇంకా 70 ఏళ్లు పడుతుంది, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోరండి అని ఉంది. బొంబాయి, పూణె వలసపోయిన మన పాలమూరు వాళ్లకు కార్డు మీది ముక్క కన్నా ఆ మొత్తం ఉత్తరమే ఎక్కువ పనికొస్తుంది. అందుకే వచనం కాదు, అధ్యాయం చదవండి, కుదిరితే పుస్తకం మొత్తం. యాకోబు పత్రిక 5 అధ్యాయాలే, ఒక్కసారి కూర్చుంటే అయిపోతుంది.

ఒకే వచనం పట్టుకుంటే ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మా బావమరిది చిట్టీ ఎత్తుకోవడానికి జమానతు సంతకం అడిగాడు. సామెతలు 6 పూచీ పడితే ఉచ్చులో పడ్డట్టే అంటుంది. అయితే ఆదికాండం 43లో యూదా తమ్ముడు బెన్యామీను కోసం పూచీ పడతాడు, అపొస్తలుడు పౌలు దాసుడైన ఒనేసిము బాకీ తన లెక్కలో వేసుకోమని అతని యజమాని ఫిలేమోనుకు రాస్తాడు. అంటే పూచీ పాపమని కాదు, భరించగలవా చూసుకో అని. ఆ చిట్టీ మునిగితే నేను కట్టగలనా? కట్టలేను. సంతకం పెట్టలేదు. చేతిలో ఉన్నంత ఇచ్చి, తిరిగి అడగనని చెప్పాను. క్రిస్మస్ దాకా బావమరిది నాతో మాట్లాడలేదు, నిజమే. బైబిలు ప్రకారం నడిస్తే చుట్టాలంతా మెచ్చుకుంటారని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఎల్లమ్మ పండుగకు పక్కింటివాళ్లు భోజనానికి పిలిస్తే పోవాలా అని మా సంఘంలో ఎప్పుడూ చర్చే. 1 కొరింథీయులు 10లో పౌలు పోవద్దనలేదు. పెట్టింది తిను, కానీ ఇది అర్పించినదని ఎవరైనా చెబితే చెప్పినవాడి కోసం తినకు అన్నాడు. నేను పోతా, కూర్చుంటా, ఏది తిననో ముందే నెమ్మదిగా చెప్తా. మా అన్న అసలు పోడు. రోమా 14 చదివాక ఒకరినొకరం తప్పుపట్టడం మానేశాం.

మీ ఉద్యోగం సంగతి. కల్వకుర్తా హైదరాబాదా అన్నదానికి వచనం దొరకదు, వెతకొద్దు. లూకా 14:28లో గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడు. మీరూ కాగితం మీద వేయండి: జీతం, అద్దె, దుకాణం మీద ఉన్న అప్పు, అమ్మానాన్నలను చూసేదెవరు. ఆ కాగితం మీతో ఏకీభవించే మనిషికి కాకుండా, ఎదురు మాట్లాడే మనిషికి చూపించండి. మొదట మాట్లాడినవాడి మాటే న్యాయంగా కనబడుతుంది, ఎదుటివాడు వచ్చాకే సంగతి తేలుతుంది అని సామెతలు 18:17 చెప్పేది కోర్టు గురించే అయినా, మన మనసులో నడిచే వాదనకూ అది సరిపోతుంది. ఆ తర్వాత కూడా రెండూ సమానంగానే కనిపిస్తే మీకు ఇష్టమైనది చేయండి, దానికి దేవుడేమీ అనడు.