రాజు చేత మాట్లాడించకు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని. ముందే చెప్పేస్తున్నాను: యూదా రాజు యెహోయాకీముకు నువ్వు రాసిన రెండు పేజీల ప్రసంగం మొత్తం కొట్టేశాను. కళ్లెర్రజేసి గర్జించే రాజులను మన పౌరాణిక నాటకాల్లో కావలసినంతమందిని చూశాం. బైబిల్లో యిర్మీయా గ్రంథం 36వ అధ్యాయం మళ్లీ తీసి చూడు. చదువుతున్నంతసేపూ ఆ గదిలో రాజు నోట ఒక్క పలుకు లేదు.

మరి ఏమున్నాయి? యూదుల లెక్కలో తొమ్మిదో నెల, చలి. రాజు ఎదుట కుంపటి రగులుతోంది. యిర్మీయా ప్రవక్త చెప్పగా అతని లేఖకుడు బారూకు రాసిన గ్రంథపు చుట్టను యెహూది అనే కొలువు ఉద్యోగి విప్పి చదువుతున్నాడు. మూడు నాలుగు పుటలు కాగానే రాజు ఆ మేరకు చాకుతో కోసి నిప్పుల్లో వేస్తున్నాడు. అదీ లేఖకుల చాకు! మళ్లీ చదవడం, మళ్లీ కోయడం, చుట్ట మొత్తం బూడిదయ్యే దాకా. ఒక్కసారిగా విసిరికొట్టి ఉంటే కోపమనుకుందుము. ఈయన తీరిగ్గా, ఆసాంతం విన్నాడు. బబులోను (బాబిలోన్) రాజు వచ్చి దేశాన్ని పాడు చేస్తాడన్న హెచ్చరికను ముక్కముక్కా చెవిన వేసుకున్నాకే కాల్చాడు. ఇంతటి మొండితనానికి ప్రసంగం ఎందుకమ్మా?

దానికి కారణం కూడా నీ కథలో కనబడలేదు. పుట్టుకతోనే దుర్మార్గుడన్నట్టు వదిలేశావు. ఆయనను గద్దెనెక్కించింది ఐగుప్తు (ఈజిప్టు) రాజు నెకో. ఎల్యాకీము అన్న పేరు తీసేసి యెహోయాకీము అని పెట్టిందీ ఆ నెకోనే. యూదా మీద 100 తలాంతుల (తలాంతు అంటే ఆనాటి ఒక తూకం) వెండి, ఒక తలాంతు బంగారం కప్పం వేస్తే ఈయన దాన్ని జనం దగ్గర పిండి కట్టాడు. క్రీ.పూ. 605లో కర్కెమీషు దగ్గర అదే నెకో సైన్యం బబులోను చేతిలో చిత్తయింది. 604 చివర్లో, ఇంచుమించు ఆ కుంపటి రగిలిన రోజుల్లోనే, బబులోను సేన అష్కెలోను పట్టణాన్ని నేలమట్టం చేసింది. యూదా రాజధాని యెరూషలేముకు అది వంద కిలోమీటర్ల దూరం కూడా లేదు. రాజు కుంపటి దగ్గరికి జరిగింది చలికేనా అన్న అనుమానం పాఠకుడికి రానివ్వు. నువ్వు మాత్రం తేల్చకు.

ఇంకొకటి. ఆయన తండ్రి యోషీయాకు లేఖకుడు శాఫాను ధర్మశాస్త్రం చదివి వినిపించినప్పుడు ఆ రాజు తన బట్టలు చింపుకున్నాడు. కొడుకు గ్రంథాన్ని కోశాడు. హీబ్రూలో రెండు చోట్లా ఒకటే క్రియ. ఇది కథలో పెట్టి పాండిత్యం చూపించకు, తెలిసి ఉంచుకో, అంతే. ఆ శాఫాను కొడుకు గెమర్యా ఈ గదిలోనే ఉన్నాడు, కాల్చవద్దని బతిమాలుతున్నాడు.

అతనితో గొంతు కలిపిన ఎల్నాతానును నువ్వు ‘మరో అధికారి’ అని దాటేశావు. నా ప్రాణం ఉసూరుమంది. 26వ అధ్యాయం చూడు. ఇలాంటి హెచ్చరికలే చేసిన ఊరియా ప్రవక్త ఐగుప్తుకు పారిపోతే, రాజాజ్ఞ మీద వెళ్లి పట్టితెచ్చినవారికి పెద్ద ఈ ఎల్నాతానే. రాజు ఊరియాను కత్తితో చంపి, శవాన్ని సామాన్యుల సమాధుల్లో పారవేయించాడు. నాడు మనిషినే తెచ్చి అప్పగించినవాడు ఇవాళ ఒక చుట్ట కాలుతుంటే వద్దంటున్నాడు. నేనైతే అతని కళ్లతోనే కథంతా చెబుతాను.

చివర బారూకు మళ్లీ రాయడాన్ని విజయగీతంలా ముగించావు. మూలంలో అంత ఆర్భాటం లేదు. యిర్మీయా తిరిగి చెప్పాడు, బారూకు రాశాడు, అలాంటి మాటలే మరెన్నో చేరాయి. అంతే. హీబ్రూ బైబిలు మొత్తంలో సిరా అన్న మాట వచ్చేది ఈ అధ్యాయంలోనే. బారూకు వేళ్లకు ఆ మరక అంటించు, బాకాలు తీసెయ్.

తిరగరాసి పంపు. ఎల్నాతాను కూడా ఆ కుంపటి దగ్గర చేతులు కాచుకున్నాడో లేదో చూడాలని ఉంది.

ఆశీస్సులతో,
మాస్టారు