స్త్రెల్త్సీ చిత్రం చూడబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మేనమామ ఆశీస్సులు.

వైద్యవిద్య కోసం రష్యాలో ఉంటున్న నీవు ఈ సెలవుల్లో మాస్కో వెళ్తున్నావని అక్క చెప్పింది. అక్కడి త్రెత్యకోవ్ గ్యాలరీలో రష్యన్ చిత్రకారుడు వసీలీ సూరికోవ్ 1881లో పూర్తిచేసిన ‘స్త్రెల్త్సీల మరణశిక్ష నాటి ఉదయం’ తప్పక చూడు. అయితే గ్యాలరీకి వెళ్లే ముందు రెడ్ స్క్వేర్‌కు వెళ్లి, సెయింట్ బాసిల్ చర్చికి అభిముఖంగా నిలబడి, చర్చికీ కుడివైపున్న క్రెమ్లిన్ గోడకూ మధ్య ఎంత ఎడం ఉందో నడిచి చూసుకో. చిత్రంలో ఆ ఎడం దాదాపు మాయమై, గోడా చర్చీ జనాన్ని ఇరువైపులా ఒత్తుతున్నట్టు కనిపిస్తాయి. చర్చి గుమ్మటాల కొనలు సైతం పై అంచు దగ్గర తెగిపోవడంతో ఆకాశానికి చోటు దక్కలేదు. విశాలమైన చౌకును ఆయన ఎందుకు ఇరుకు చేశాడో, ఆ చౌకులో నడిచినవారికే తెలుస్తుంది.

కథ క్లుప్తంగా చెబుతాను. 1698లో జార్ పీటర్ ఐరోపా పర్యటనలో ఉండగా స్త్రెల్త్సీలు, అంటే జార్ కొలువులోని తుపాకీ సైనికులు, తిరగబడ్డారు. ఆయన తిరిగివచ్చి వారిని కఠినంగా శిక్షించాడు.

నాలుగు మీటర్లకు కాస్త తక్కువ వెడల్పున్న ఆ చిత్రానికి మొదట దూరంగా నిలబడు. గుర్రం మీదున్న పీటర్‌ను వెతకడానికి తొందరపడకుండా, తెల్లని చొక్కాలు తొడుక్కుని బండ్ల మీద ఉన్న ఖైదీల చేతుల్లోని కొవ్వొత్తులను ఒక్కొక్కటిగా చూడు. పగటి వెలుతురులో తెల్లచొక్కా మీద పడిన కొవ్వొత్తి కాంతిని చూసినప్పుడే తనకు ఈ చిత్రం తట్టిందని సూరికోవ్ చెప్పుకున్నాడు. ఆ తరువాత ఎర్రగడ్డం మనిషిని చూసి, అతని చూపు వెంట చౌకు దాటి వెళ్తే, అది నిన్ను నేరుగా పీటర్ దగ్గరకు చేరుస్తుంది. పీటర్ కూడా అతనివైపే చూస్తున్నాడు. నా దృష్టిలో చిత్రానికి వెన్నెముక ఆ రెండు చూపులే, ఎందుకంటే వాటిలో ఏదీ దిగిపోలేదు, చిత్రకారుడు కూడా ఏ ఒక్కరి పక్షానా తీర్పు చెప్పలేదు.

ఒక్క శవమైనా కనబడలేదని నీకు అనిపించవచ్చు. కనీసం ఒకరినైనా ఉరికొయ్యకు వేలాడదీయమని చిత్రకారుడైన మిత్రుడు ఇల్యా రేపిన్ సలహా ఇస్తే, సూరికోవ్ ఒక ఆకారం గీసి చూసి, తుడిచేశాడు. శిక్షను కాక, దానికి ముందు మిగిలిన చివరి నిమిషాల గాంభీర్యాన్ని చూపాలన్నదే ఆయన కోరిక. అందుకే నీవు ఆడవాళ్ల ముఖాల దగ్గర, ముందువైపు ఎర్రరుమాలు కట్టుకున్న చిన్నపిల్ల దగ్గర, బురద పట్టిన బండిచక్రాల దగ్గర ఎక్కువసేపు ఆగాలి. చక్రాలంటే ఆయనకు ఎంతో ఇష్టం, వాటిని కూడా మనుషులంత శ్రద్ధగా గీశాడు.

ఫోటో తీసుకోవడం చివరికి పెట్టుకో, ఫోన్‌లో ఆ గోధుమరంగులన్నీ నల్లబడిపోతాయి. 1887లో ఆయన పూర్తిచేసిన ‘బొయారిన్యా మొరోజొవా’ కూడా ఆ గ్యాలరీలోనే ఉంది, కాని వీలైతే దానికి మరో రోజు కేటాయించు.

ఆశీస్సులతో,
మీ మామయ్య