వంట మార్చలేదు, వడ్డన మార్చాం

"ఆఫీసు నుంచి ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది అవుతోంది, డైట్ మొదలుపెట్టిన ప్రతిసారీ రెండు వారాలకే ఆగిపోతోంది, మామూలు మనుషులు రోజూ చేసుకోగలిగిన మంచి తిండి అలవాట్లు ఉంటే చెప్పండి" అని అడిగారు కదా. నేను డాక్టర్ని కాను, డైటీషియన్ని కూడా కాను. విజయవాడలో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఇంట్లో అమ్మ, నా భార్య, తొమ్మిదేళ్ల పాప, నేను. మా ఇంట్లో ఏవి నిలిచాయో, ఏవి నిలవలేదో చెప్తాను, మీకు పనికొచ్చేవి తీసుకోండి.

2024 వేసవిలో ఆఫీసులో చేయించిన హెల్త్ చెకప్‌లో నాకు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ గుమ్మం దాకా వచ్చినట్టు, 6.5కి చేరితే ఇంట్లోకి వచ్చేసినట్టు అని డాక్టర్ గారు చెప్పారు. మా నాన్నకి షుగర్ వల్ల కాలి వేలు తీసేశారు. ఆ కట్టు రోజూ మార్చింది నేనే. అందుకే రిపోర్టు చేత్తో పట్టుకుని పార్కింగ్‌లో స్కూటర్ మీద చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఆ భయంలో మొదట చేసినవేవీ నిలవలేదు. ఓట్స్ తెచ్చుకున్నాను, ఐదో రోజుకి గొంతు దిగలేదు. రాత్రిపూట పళ్లు మాత్రమే తిని పడుకుంటే పదకొండింటికి ఆకలికి మెలకువ వచ్చేది, లేచి మిక్చర్ డబ్బా తీసేవాణ్ణి. తర్వాత అందరూ చెప్పే మాటే, రాత్రి అన్నం మానేసి చపాతీ. మా ఆవిడ టీచరు, తను కూడా అలిసిపోయే వస్తుంది, అలాంటిది రోజూ డజను చపాతీలు వత్తి కాల్చాలంటే గంట పని. నేను నూనె వేసి కాల్చిన నాలుగు చపాతీలు బంగాళదుంప కుర్మాతో తినేవాణ్ణి. గోధుమ కూడా ధాన్యమే కదా, కూర అంతే ఉండి, నాలుగైదు చపాతీలు తింటే అన్నం మానేసి పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఈ విషయం చాలామంది పట్టించుకోరు, చపాతీ అనగానే అదేదో మందులా చూస్తారు.

అప్పుడే హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు కొత్త ఆహార సూచనలు విడుదల చేశారు. రెండు వేల కేలరీలు తినే మనిషికి రోజుకి ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పళ్లు 100, పప్పులూ గుడ్లూ మాంసం లాంటివి కలిపి 85, గింజలు 35, నూనె నెయ్యి కలిపి 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. లెక్కలు నా పనే కాబట్టి మా ఇంటికి వేసి చూశాను. పాతిక కేజీల బియ్యం బస్తా మాకు ఇరవై రెండు రోజులకే అయిపోతోంది, అంటే బియ్యమే తలకి రోజుకి 280 గ్రాముల పైన, టిఫిన్ల పిండి, రవ్వ దానికి అదనం. కూరగాయలు మాత్రం నలుగురికీ కలిపి రోజుకి అరకేజీ. ఉండాల్సింది కేజీన్నర పైన! మేం తినేది చెడ్డ తిండి కాదు. పప్పు, కూర, పెరుగు అన్నీ ఉన్నాయి, కొలతలే తిరగబడ్డాయి. పళ్లెం నిండా అన్నం, ఓ మూల రెండు చెంచాల దొండకాయ వేపుడు.

అందుకని వంట జోలికి పోకుండా వడ్డన మార్చాం. మీకు నేను గట్టిగా చెప్పేది ఈ ఒక్కటే, మిగతావి ఏవి చేసినా చేయకపోయినా. ముందు పళ్లెంలో ఒక గిన్నెడు కూర, ఒక గరిటె పప్పు, నాలుగు కీరా ముక్కలో క్యారెట్ ముక్కలో. అవి సగం తిన్నాకే అన్నం గిన్నె ముట్టుకోవాలి. పప్పులోకి ఒక హస్తం (అన్నం వడ్డించే గరిటె), పెరుగులోకి ఒక హస్తం, అంతే. అప్పటికే కడుపు సగం నిండి ఉంటుంది కాబట్టి అన్నం తగ్గించానన్న బాధ తెలియదు. ఆకలి మీద ఉన్నప్పుడు ముందు ఏది ఎదురుగా ఉంటే దాంతోనే కడుపు నిండుతుంది, ఆ చోటు కూరకిచ్చాం.

చెప్పినంత తేలిగ్గా ఏమీ జరగలేదు. "కూర ఉత్తది తినడమేంట్రా, జబ్బు మనిషిలాగా" అంది అమ్మ. మొదటి రోజు నేను మారు అన్నం వద్దన్నప్పుడు తను హస్తం అలా గాల్లోనే పట్టుకుని నిలబడింది. ఏమీ అనలేదు. ఆ అన్నం మళ్లీ గిన్నెలో వేసేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం తను కూడా సరిగ్గా తినలేదని మా ఆవిడ తర్వాత చెప్పింది. నలభై ఏళ్లు మనకి వడ్డించిన చెయ్యి అది, వద్దు అన్న మాట తనకి అన్నం గురించి అన్నట్టు వినపడదు. రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు పళ్లెం ముందుకి జరిపి "అమ్మా, బీరకాయ కూర మారు వెయ్యి" అన్నాను. వేసింది. మర్నాడు కూర కొంచెం ఎక్కువే వండింది. ఇప్పుడు మా ఇంట్లో మారు అంటే కూరే. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ సంగతి ముందే ఆలోచించుకోండి, వాళ్లు వడ్డించడానికి ఏదో ఒకటి అడుగుతూ ఉండండి.

ఇంకో మేలు మేం అనుకోకుండానే జరిగింది. అన్నంలో కలుపుకోవడానికి సరిపోయే ఉప్పు, కారం, కూర ఉత్తది తింటే ఎక్కువైపోతాయి. దాంతో అమ్మే ఉప్పు తగ్గించింది. తనకి బీపీ ఉంది, రోజు మొత్తానికి ఉప్పు ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు దాటకూడదని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా జరగని పని ఇలా జరిగింది. ఆవకాయ మానెయ్యమని నేను ఎవరికీ చెప్పను, మేమూ మానలేదు. కాకపోతే ఇదివరకు మొదటి ముద్దలన్నీ ఆవకాయతోనే ఉండేవి, ఇప్పుడు పెరుగన్నంలో నంజుకోవడానికి ఒక ముక్క.

కూరలు ఎక్కువ వండితే నూనె కూడా ఎక్కువ పడుతుంది కదా అని మీకు అనుమానం రావచ్చు, మాకూ వచ్చింది. నూనె ప్యాకెట్ కత్తిరించిన రోజు దాని మీదే స్కెచ్ పెన్నుతో తేదీ రాయడం మొదలుపెట్టాం. మొదటి నెలలో ఐదు ప్యాకెట్లు అయ్యాయి, నెయ్యి కాకుండా. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు, ఆ తేదీలు చూసి అమ్మ, మా ఆవిడ ఇద్దరూ చేయి తగ్గించుకున్నారు. దొండకాయ, బెండకాయ లాంటివి నూనెలో వేపే బదులు రెండు చెంచాల నూనెతో పోపు వేసి, మూత పెట్టి సన్న సెగ మీద మగ్గించి, చివర్లో మూత తీసి ఓ ఐదు నిమిషాలు వేయించి కొబ్బరి కారం చల్లుతున్నారు. వేపుడంత కరకరలాడదు కానీ పాప కూడా తింటోంది. ఇప్పుడు నెలకి మూడు ప్యాకెట్లు చాలుతున్నాయి.

కూరగాయలకి ఆదివారం పొద్దున్నే పటమట రైతు బజారుకి వెళ్తాను. తోటకూర, గోంగూర, బచ్చలి, చుక్కకూర ఏవి తాజాగా ఉంటే అవి ఐదారు కట్టలు తెస్తాను. ఆకుకూర కొనడం కష్టం కాదు, బాగుచేయడమే కష్టం, కట్ట ఫ్రిజ్‌లో పసుపు పచ్చగా మారి చెత్తబుట్టలోకి పోయేది అందుకే. మేం ఆ మధ్యాహ్నం టీవీ ముందు కూర్చుని అన్నీ ఒలిచేసి, కడగకుండా పాత కాటన్ గుడ్డలో చుట్టి పెడతాం, మూడు నాలుగు రోజులు బాగానే ఉంటాయి. వండేముందు కడుక్కుంటే సరి.

ఇప్పుడు మీ తొమ్మిదింటి సంగతి. అలిసిపోయి, ఆకలితో తలుపు తీశాక ఏం తినాలో ఆలోచిస్తే ఎవరైనా ఫోన్ తీసి ఆర్డర్ పెట్టేస్తారు, అందులో మీ తప్పేం లేదు. ఆ నిర్ణయం అంతకు ముందే జరిగిపోయి ఉండాలి. సాయంత్రం నాలుగైదు మధ్య కడుపులో ఏదో ఒకటి పడితే రాత్రి ఆత్రం సగం తగ్గుతుంది. మా ఆఫీసు కింద బండి మీద పునుగులు వేస్తారు, వాసన మూడో అంతస్తు దాకా వస్తుంది. నా డెస్కు సొరుగులో ఒక స్టీలు డబ్బా పెట్టుకున్నాను, అందులో వేయించిన శనగలు, ఇంకో డబ్బాలో పల్లీలు. నాలుగున్నర అవ్వగానే గుప్పెడు శనగలు, కొన్ని పల్లీలు, గ్లాసు నీళ్లు. ఇంటి దగ్గర ఉన్న రోజు శనగలో అలసందలో గుగ్గిళ్లు చేసుకుంటాం. నవరాత్రుల్లో ప్రసాదంగా చేసుకునేవే, మామూలు రోజుల్లో మర్చిపోయాం. పునుగులు శనివారం తింటాను, పాపతో కలిసి, ఇష్టంగా.

రాత్రికి మీరు ఒక్కరే అయితే రెండు రోజులకి సరిపడా పప్పు ఉడకబెట్టి, పోపు పెట్టకుండా ఫ్రిజ్‌లో ఉంచుకోండి. తొమ్మిదింటికి అందులో గుప్పెడు ఆకుకూర వేసి పది నిమిషాలు ఉడికించి పోపు పెడితే పప్పుకూర అయిపోతుంది, ఆలోపు అన్నం కుక్కర్ కూడా అయిపోతుంది. పక్కన ఒక గుడ్డు ఉడకబెట్టుకోండి. లేదంటే పొద్దున బయల్దేరేముందు ఒక గ్లాసు పెసలు నానబెట్టి వెళ్లండి. వేసవిలో అయితే నీళ్లు పోసిన గిన్నె ఫ్రిజ్‌లో పెట్టండి, బయట ఉంటే వాసన వచ్చేస్తుంది. వచ్చాక అల్లం, పచ్చిమిర్చి, జీలకర్రతో మిక్సీ పట్టి పెసరట్టు పోసుకోవచ్చు, దీనికి పులియబెట్టే పని లేదు. పైన ఉల్లిపాయతో పాటు తురిమిన క్యారెట్ వేస్తే కూర లేదన్న లోటు కూడా ఉండదు. తిన్న వెంటనే మంచం మీద వాలకుండా ఒక పదిహేను నిమిషాలు వీధిలో నడవండి, తిన్న తర్వాత షుగర్ ఒక్కసారిగా పెరగకుండా అది బాగా పనిచేస్తుంది. నాకు చెప్పిన డాక్టర్ గారు తిండి కన్నా ఈ నడక గురించే రెండుసార్లు చెప్పారు.

టీ విషయం క్లుప్తంగా చెప్తాను. రోజుకి ఐదు టీలు, ఒక్కోదానికి రెండు చెంచాల పంచదార తాగేవాణ్ణి. పంచదార ఒకేసారి మానలేదు, నెలకి అర చెంచా చొప్పున తగ్గించాను, ఇప్పుడు అర చెంచా వేస్తే సరిపోతోంది, బయట టీ తాగితే పాకంలా ఉంటోంది. టీలు కూడా రెండుకి వచ్చాయి. మా ఆవిడకి హిమోగ్లోబిన్ తక్కువ, తను టిఫిన్ అవ్వగానే టీ తాగేది. టీలో ఉండే టానిన్లు తిండిలోని ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు కాబట్టి భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు వద్దని ఆ తార్నాక సంస్థ సూచనల్లోనే ఉంది. తన టీ ఇప్పుడు స్కూల్లో పదకొండింటికి.

దంపుడు బియ్యం కూడా ప్రయత్నించాం. తవుడు పోతే బియ్యంలో ఉన్న బి1 విటమిన్ చాలావరకు పోతుందన్నది నిజం. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యమే ఆధారంగా బతికేవాళ్లకి బెరిబెరి అని, నరాలు, గుండె దెబ్బతినే జబ్బు వచ్చేది. పైన చెప్పిన తార్నాక సంస్థ మొదలైంది కూడా 1918లో తమిళనాడులోని కూనూరులో ఆ జబ్బు మీద పరిశోధనతోనే. కానీ అమ్మ పళ్లకి ఆ అన్నం నమలడం కష్టమైంది, గంటసేపు నానబెట్టడం పొద్దున హడావుడిలో కుదరలేదు, సన్నబియ్యంతో కలిపి వండితే ఒకటి మెత్తబడేసరికి ఇంకోటి పలుకుగా ఉండిపోయింది. చివరికి సింగిల్ పాలిష్ బియ్యం దగ్గర ఆగాం. రాగులు, జొన్నలు కూడా మంచివే, మేం వారానికి రెండు రాత్రులు జొన్నరొట్టె, ఎండాకాలంలో మజ్జిగ కలిపిన రాగి అంబలి తీసుకుంటాం. ఒక్క జాగ్రత్త: అవి అన్నం బదులు తినాలి. మా పక్కింటాయన రోజూ పొద్దున పెద్ద గ్లాసుడు రాగిజావ తాగి, ఆ మీద నాలుగు ఇడ్లీలు, మధ్యాహ్నం ఎప్పటిలాగే అన్నం తినేవారు, ఆరు నెలలకి బరువు పెరిగింది.

ఏడు నెలలకి మళ్లీ అదే షుగర్ పరీక్ష చేయిస్తే నాకు 5.8 వచ్చింది, బరువు 81 నుంచి 76కి దిగింది. అదే బస్తా బియ్యం ఇప్పుడు ముప్పై ఐదు రోజులు వస్తోంది, ఆ మిగిలిన డబ్బు కూరగాయలకి పోతోంది, మొత్తం మీద ఖర్చు పెద్దగా పెరగలేదు. పెళ్లిళ్లకి వెళ్తే అన్నీ తింటాను, పండక్కి బూరెలు, గారెలు కూడా. స్వీట్లు మిగిలితే ఆ సాయంత్రమే పంచేస్తాం, ఫ్రిజ్‌లో ఉంటే మాత్రం నావల్ల కాదు.

మీ ఇంట్లో ఎవరైనా షుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతుంటే మాత్రం ఇది చదివి వెంటనే అన్నం తగ్గించకండి. మా మేనమామ నన్ను చూసి ఒకేసారి సగానికి సగం తగ్గించారు, మాత్ర మాత్రం అంతే వేసుకున్నారు. మూడో రోజు పదకొండింటికి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబడింది. అత్తయ్య గబగబా పంచదార నీళ్లు తాగిస్తే పావుగంటకి తేరుకున్నారు. తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లి, ఆయన మందు మోతాదు మార్చాక, అప్పుడు ఒక్కో హస్తం చొప్పున తగ్గించుకుంటూ వచ్చారు.