వడ్డికాసులవాడి వడ్డికి దీర్ఘం ఎక్కడిది?

సందేహం: మా అమ్మాయి లెక్కల పుస్తకంలో ‘సాధారణ వడ్డీ’ అని ఉంది. బ్యాంకు వాళ్లిచ్చిన కాగితంలో ‘సరళ వడ్డీ’ అని రాశారు. మా మామగారేమో ‘బారువడ్డీ అనాలమ్మా’ అంటారు. ఏది సరైనది? ‘చక్రవడ్డీ’ వైరిసమాసమని మా తెలుగు మాస్టారు అనేవారు, నిజమేనా? ఇంతకీ మాట వడ్డియా, వడ్డీయా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. ఆ మాటంటే నాకు ఏళ్ల తరబడి మమకారం.

వడ్డి సంస్కృతంలోని ‘వృద్ధి’కి వికృతి. వృద్ధి ప్రాకృతంలో ‘వడ్ఢి’ అయింది. ఋకారం తాను పోతూ పోతూ పక్కనున్న దంత్యాన్ని (త, ద లాంటి అక్షరాన్ని) మూర్ధన్యం (ట, డ లాంటిది) చేసి పోయింది. ‘మృత్తిక’ మనకు ‘మట్టి’గా దక్కింది కూడా ఈ దారినే. తెలుగుకు వచ్చేసరికి ఆ ఢకారపు బరువు కూడా దిగిపోయి వడ్డిగా నిలిచింది. కన్నడిగుల నోట వకారం బకారమై ‘బడ్డి’ అయింది, తమిళుల నోట ‘వట్టి’ అయింది. పాణిని తన సంస్కృత వ్యాకరణం అష్టాధ్యాయిని ‘వృద్ధిరాదైచ్’ అని ఆరంభించాడు. గ్రంథం మంగళంగా మొదలుకావాలని వృద్ధి శబ్దాన్ని ముందుకు తెచ్చాడని దానికి భాష్యం రాసిన పతంజలి వ్యాఖ్యానించాడు. అంత పెద్దపీట దక్కిన మాటే షావుకారు అరుగెక్కి, చిట్టాలో చేరి, వడ్డి అయి కూర్చుంది. ఈ ధనార్థం మనం తగిలించింది కాదు, సంస్కృతంలోనే ఉంది. సంస్కృత నిఘంటువు అమరకోశం వడ్డి మీద బతికేవాణ్ణి ‘వృద్ధ్యాజీవుడు’ అంటుంది. అప్పిచ్చినవాడు ఉత్తమర్ణుడట, పుచ్చుకున్నవాడు అధమర్ణుడట. అప్పు చేసినవాడి తల ఎంత వంగుతుందో ఆ ఒక్క మాటే చెబుతుంది.

విస్తట్లో చేసే ‘వడ్డన’ కూడా ‘వర్ధనం’ నుంచే వచ్చిందని చెప్పేవారున్నారు. నాకూ అటే మొగ్గు. మరాఠీలో ‘వాఢణే’ అనే ఒకే క్రియకు పెరగడమూ అర్థమే, అన్నం వడ్డించడమూ అర్థమే.

ఇక అన్నమయ్య. వడ్డి గురించి రాస్తూ ఆయన్ని తలచుకోకపోతే నా మనసు ఊరుకోదు. ‘వేడుకొందామా వేంకటగిరి వేంకటేశ్వరుని’ అన్న కీర్తన మీకు తెలిసే ఉంటుంది. అందులో ‘వడ్డికాసులవాడె వనజనాభుడె, పుట్టు గొడ్డురాండ్రకు బిడ్డలనిచ్చే గోవిందుడే’ అంటాడు. వడ్డి, గొడ్డు, బిడ్డ. ఆ ద్విత్వ డకారం మూడుచోట్ల మోగుతుంటే, నాణేల మూటను గచ్చు మీద పెట్టిన చప్పుడు నాకు వినిపిస్తుంది. మనకు కావలసిన సాక్ష్యం కూడా ఇక్కడే ఉంది. అక్కడున్నది వడ్డి, వడ్డీ కాదు. పాడేవారు ఇకారాన్ని సాగదీస్తే అది రాగం కోసం, మాటలో దీర్ఘం ఉండి కాదు.

ఈ ‘వడ్డికాసులవాడు’ అన్న సమాసం దగ్గర కాసేపు ఆగుదాం. పద్మావతీ పరిణయానికి స్వామి కుబేరుడి దగ్గర అప్పు చేశాడని, కలియుగాంతం దాకా వడ్డి కడుతూనే ఉంటాడని స్థలపురాణం. ఆ లెక్కన వడ్డికాసులవాడంటే వడ్డి కట్టేవాడు. కానీ మొక్కు తీర్చడం ఆలస్యమైతే వడ్డితో సహా రాబట్టుకునే స్వామి అని కూడా జనం నమ్మకం. ఆ లెక్కన పుచ్చుకునేవాడు. ఏది పట్టుకోవాలి? వ్యాకరణం ఇక్కడ సాయం రాదు. ‘పాలవాడు’ పాలు తెచ్చి పోస్తాడు, ‘అప్పులవాడు’ మన గుమ్మంలో వసూలుకు కూర్చుంటాడు. ‘వాడు’ అన్న ప్రత్యయం ఇచ్చేవాడితోనూ చేరుతుంది, తీసుకునేవాడితోనూ చేరుతుంది. కీర్తనలోనే వెతికితే, పై చరణంలో ‘మొక్కులవాడు’, ‘తోమని పళ్యాలవాడు’ అన్నాడు. మొక్కులు స్వామికి అందేవి, పళ్యాలు స్వామి ఆరగింపువి. ఆ వరుసలోనే వచ్చాయి కనుక వడ్డికాసులు కూడా స్వామికి అందేవే అని నాకనిపిస్తుంది. అయితే కుబేరుడి కథ పట్టుకుని మొదటి అర్థం చెప్పేవారిని తప్పుపట్టే సాహసం చేయను. భక్తుల దగ్గర పుచ్చుకున్న వడ్డినే కుబేరుడికి కడుతున్నాడని మా అమ్మమ్మ రెండర్థాలనూ ఒక్కటి చేసేది.

కాసు గురించి ఒక్క మాట. ఇంగ్లీషు ‘క్యాష్’ మన కాసు నుంచే వెళ్లిందని సభల్లో చప్పట్లు కొట్టించుకుంటున్నారు. అది సగమే నిజం. తూర్పు దేశాల చిన్న నాణేన్ని వాళ్లు ‘క్యాష్’ అన్నది మాత్రం కాసు నుంచి, పోర్చుగీసు మీదుగా వెళ్లిన మాటే. రొక్కం అనే అర్థంలోని క్యాష్ వేరు. అది పెట్టె అనే అర్థంలోని ‘కాస్సా’ అన్న ఇటలీ మాటకు చుట్టం.

వడ్డికి దీర్ఘం ఎలా పట్టిందో ఇప్పుడు చూద్దాం. గౌరీ అన్నా, నదీ అన్నా తెలుగులోకి వచ్చేటప్పుడు చివరి దీర్ఘాన్ని వదులుకుని గౌరి, నది అవుతాయి. అలాంటిది ఉన్న హ్రస్వాన్ని దీర్ఘం చేసుకోవడం మన పద్ధతి కాదు. సర్కారు కచేరీల్లో అరబ్బీ, పారశీక మాటలు వచ్చి చేరాయి: బాకీ, హామీ, రాజీ, జప్తీ. వాటి పక్కనే రోజూ కూర్చున్న వడ్డికి ఆ దీర్ఘం అంటుకుందని నా ఊహ. మా తాతగారి కాలపు ప్రాంసరీ నోటొకటి నా దగ్గర ఉంది. ‘నెల 1కి నూటికి ముప్పావలా వడ్డి చొప్పున, అసలు వడ్డి తమరు కోరినప్పుడు తమకు గాని తమ అనుమతి పొందినవారికి గాని ఇచ్చుకొనగలవాడను’ అని నల్ల సిరాతో ఉంది. రెండుచోట్లా హ్రస్వమే. ఇప్పుడు మాత్రం పత్రికలు, పాఠ్యపుస్తకాలు అన్నీ వడ్డీ అంటున్నాయి. వాడుకలో స్థిరపడ్డదాన్ని తప్పనడానికి నేనెవర్ని? నేను మాత్రం హ్రస్వమే రాస్తాను. మీ అమ్మాయి పరీక్షలో పుస్తకంలో ఉన్నట్టే రాయనివ్వండి.

చక్రవడ్డి వైరిసమాసమా? చక్రం తత్సమం, అంటే సంస్కృతం నుంచి ఉన్నదున్నట్టు వచ్చిన మాట; వడ్డి తద్భవం, అంటే రూపం మారి వచ్చిన మాట. ఆ రెంటినీ కలిపి సమాసం చేయకూడదన్నది నియమం కనుక మీ మాస్టారు నొసలు ముడిచారు. ఆ నియమం తెలిసినవారే అలా అంటారు, తప్పుపట్టను. అయినా దీని వెనుక ‘చక్రవృద్ధి’ అనే సిద్ధరూపం ఉంది. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో ‘చక్రవృద్ధిః కాలవృద్ధిః’ అని నాలుగు రకాల వృద్ధులను పేరుపెట్టి మరీ, పుచ్చుకోకూడదంటుంది. ఆ సమాసంలో ఉత్తరపదం మాత్రం జనం నోట్లో నలిగి వడ్డి అయింది.

దాని పక్కనే పుట్టింది మీ మామగారి బారువడ్డి. బారు అంటే వరుస, చాపు. పిల్లలు బారులు తీరి నిలబడతారు, రెండు చేతులూ చాపితే బారెడు. పదివేల రూపాయలు నూటికి నెలకు రూపాయి మీద ఇచ్చారనుకోండి, ఏడాదికి 1,200. మూడేళ్లకు 3,600. ఏడాది ఏడాదికి అదే మొత్తం, ఒకే బారున. అదే ఏటేటా వడ్డిని అసలులో కలుపుతూ పోతే మూడేళ్లకు 4,049 రూపాయల 28 పైసలు. వడ్డి తిరిగి వచ్చి అసలులో పడి మళ్లీ తిరుగుతుంది, అది చక్రం. ఒకటి చాపుగా సాగేది, ఒకటి గుండ్రంగా తిరిగేది. లెక్క రాని పిల్లకైనా ఈ రెండు పేర్లు చెప్పి నేలమీద ఒక గీతా ఒక సున్నా గీస్తే తెలుస్తుంది. ఇంత చక్కని జంటను విడదీసి ‘సాధారణ’, ‘సరళ’ అని ఇంగ్లీషును తర్జుమా చేసి పెట్టుకోవలసిన అవసరం ఏమొచ్చింది? సరళమైన వడ్డి అంటే తేలిగ్గా కట్టగలిగే వడ్డి అనుకుని ఎవరైనా సంతకం పెడితే ఆ పాపం ఎవరిది? ‘సాధారణ’ను తప్పనను, అర్థం చెడలేదు. ‘సరళ’ను మాత్రం వదిలేస్తే బాగుంటుంది.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. బ్యాంకు ప్రకటనల్లో ‘రుణ వితరణ’ అంటున్నారు. హిందీలో వితరణ అంటే పంపిణీ. తెలుగులో అది దానగుణం, వితరణశీలి అంటే అడిగినవాడికి లేదనని దాత. తాకట్టు పెట్టించుకుని, జామీను తీసుకుని, నెలనెలా వాయిదా వసూలు చేసేదాన్ని వితరణ అనడం ఆ మాటకు అన్యాయం. ‘అప్పులివ్వడం’ అంటే సరిపోదా?

మీ మామగారిని నా తరఫున ఒకటి అడగండి. వడ్డికి జోడుగా మనం ‘అసలు’ అంటున్నాం, అది అరబ్బీ నుంచి వచ్చిన మాట. దానికి తెలుగులో పాతమాట ‘మొదలు’. ఆయన చిన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ‘మొదలూ వడ్డీ’ అనేవారేమో, ఏ ఊళ్లో విన్నారో కనుక్కుని రాయండి.